చిమ్మిలి

మా అమ్మ మాలకొండమ్మకు
పుట్టిన తేదీ తెలియదు గానీ
సమర్తాడిన పొద్దు బాగా గుర్తు.
రెండో రెలుపు ఆకు
బ్యారన్‌కెక్కిస్తున్న తెల్లారుజాము.

కర్రకు ఆకు అల్లీ అల్లీ
పదేళ్ళకే నల్లబడ్డ వేళ్ళు.
ఇసకతో తోమినా, చింతపండు రుద్దినా
పసరు పోదు.
ముద్ద కలిపితే ముద్ద చేదు.
దోసిట పడితే నీళ్ళు చేదు.
ఏడుపొచ్చి కళ్ళు తుడుచుకుంటే
అదో మంట.

మేనమామ పచ్చి తాటాకులు కొట్టుకొచ్చి
పంచలో మూలన కూచోబెడితే
తొమ్మిది రోజులు పని లేదు.
పప్పూ నెయ్యీ, నువ్వుల చిమ్మిలి.
నాలుగో రోజుకు గోళ్ళ సందుల్లో నలుపు వదిలింది.
ఏడో రోజున
అన్నానికి అన్నం రుచి ఉంటుందని తెలిసింది.
"ఇంకో నెల కూచోబెడితే బాగుండని
కొండకు మొక్కుకున్నానే" అంటుంది ఇప్పటికీ,
నవ్వుతా.
పదో పొద్దున మళ్ళీ కర్రలు.
కూలి మాత్రం పావలా పెరిగింది,
పెద్దమనిషి లెక్కన.

నా సంగతి వేరు.
మా పెంచలక్కను
పెద్దమనిషైన వారానికే బడి మానిపించారు.
దాని సంచి నాకొచ్చింది.
లోపల సగం రాసిన లెక్కల నోటు,
అట్ట మీద అక్క పేరు,
కింద గుండ్రటి అక్షరాల్లో 'తొమ్మిదో తరగతి'.
అందుకని నాకైనప్పుడు
ఎవరికీ చెప్పలేదు.
నాలుగు నెలలు.

బ్యారన్‌కు నాన్న మంట కాపలా.
రాత్రంతా సరుగుడు మొద్దులు ఎగదోస్తా
గాజు పలకలోంచి టార్చి వేసి వేడి చూసేవాడు.
ఒక్కసారిగా పెంచితే ఆకు మాడుద్ది,
తగ్గిస్తే నల్లబడుద్ది,
పసుపు తిరిగేదాకా ఓర్చుకోవాల
అని చెప్పేవాడు, బీడీకొచ్చిన వాళ్ళకు.
గోడకు ఇవతలి పక్క,
ఆ వెచ్చదనానికే చించిన లంగా గుడ్డ ఆనించి,
చీకట్లో నేను.

ఉతికే బట్టల్లో అమ్మకు దొరికిపోయాను.
కొట్టలేదు. చాలాసేపు చూసింది.
"పరీక్షలెప్పుడు?"
"మార్చిలో."
"అయితే నువ్వు ఏప్రిల్లో అయ్యావులే" అంది,
గుడ్డ జాడిస్తా.

ఏప్రిల్ పన్నెండున, ఊరందరి ఎదటా,
నేను పెద్దమనిషినయ్యాను.
తాటాకుల మీద కూచున్న తొమ్మిది రోజులూ
అమ్మా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.
నవ్వొస్తుందని భయం.

పోయిన బుధవారం
పొదిలి హాస్టల్ నుంచి లిఖిత ఫోను.
"అమ్మా, నాకు మొదలైంది.
మేడమ్ ప్యాడ్లిచ్చింది.
శుక్రవారం కబడ్డీ సెలెక్షన్లు, ఎవరూ రాబాకండి.
ఫ్లెక్సీ గిక్సీ వేయించారా,
సెలవులకు కూడా ఇంటికి రాను."
పెట్టేసింది.
ముప్పై ఆరు సెకన్లు అని చూపించింది ఫోను.

నా నాలుగు నెలలు గుర్తొచ్చాయి.
సంతోషమే అనుకున్నాను.
కాదు, కొంచెం కుళ్ళు కూడా అని
ఒప్పుకోడానికి రెండు రోజులు పట్టింది.

అమ్మ ఎవరి మాటా వినలేదు.
నువ్వులు వేయించింది, బెల్లం వేసి రోట్లో దంచింది,
స్టీలు గిన్నెకు గుడ్డ కట్టింది.
శనివారం కొండపిలో బస్సెక్కాం.

పిల్ల మోకాళ్ళ నిండా ఎర్ర దుమ్ము.
అప్పుడే గ్రౌండ్ నుంచి వచ్చినట్టుంది.
"మూలన కూచోలేదంటే?" అని అమ్మ.
"మూల ఏడుందమ్మమ్మా,
గదికి ఇరవై మందిమి."
ఒక ఉండ కొరికింది, తీపెక్కువంది,
గిన్నె పట్టుకుని లోపలికి పరిగెత్తింది.
కేకలు వినబడ్డాయి.
గిన్నె తిరిగొచ్చేసరికి
అడుగున ఒకటే మిగిలింది.

తిరుగు బస్సులో కిటికీ సీటు అమ్మది.
గిన్నె ఒళ్ళో పెట్టుకుని
ముందు తన వేళ్ళు వాసన చూసుకుంది.
ఆ బ్యారన్ పడగొట్టి పదకొండేళ్ళు.
తర్వాత ఉండ నోట్లో వేసుకుని
మర్రిపూడి దాటేదాకా
నమలతానే ఉంది.

నాకు పెట్టలేదు.